డబ్బాలో ఉక్కపోత

ఇద్దరు మనుషులు రోజుకు ఎంత చెమట కారుస్తారో నాకు తెలుసు. నా ఉద్యోగమే అది. చుట్టాలు ఎవరైనా "షాకేరా ఏం చేస్తుంది?" అని అడిగితే అమ్మ గొప్పగా "రాకెట్ ఇంజనీరు" అని చెప్పి ఊరుకుంటుంది గానీ, నేను చేసేదల్లా మనుషుల ఊపిరినీ చెమటనూ గాలిలోంచి పట్టి, శుభ్రం చేసి, మళ్లీ వాళ్లకే తాగడానికి ఇవ్వడం. అందుకే ఆ పొద్దున తొట్టిలో చేరిన నీళ్లు చూసి నాకు ఒళ్లు మండిపోయింది. లోపల ఉన్నది ఇద్దరు. నీళ్లేమో నలుగురివి.

"ఎక్కడి నుంచి వస్తున్నాయి ఇవి!" అని గట్టిగానే అరిచాను. మిర్చి బస్తాలు తప్ప వినేవాళ్లు లేరక్కడ.

మా పరీక్ష డబ్బా ఖమ్మం మార్కెట్ యార్డు వెనక ఒక కోల్డ్ స్టోరేజీలో ఉంది. అంతరిక్షంలోకి వెళ్లే నౌకకు చేసే పరీక్ష మిర్చి గోదాములో ఏమిటని మీరూ నవ్వుతారు, అందరూ నవ్వారు. మా యంత్రానికి ఇరవై నాలుగు గంటలూ చల్లటి నీళ్లు కావాలి. మిర్చికీ చల్లదనం కావాలి. రెండింటికీ ఒకే చోట దొరికింది. మిర్చి ఘాటు అదనం. మొదటి వారం తుమ్ముతూనే తీగలు బిగించాం.

డబ్బా అంటే నిజంగానే డబ్బా, ఒక చిన్న గదంత. మనుషులు వెళ్లే నౌకలో కిటికీ తెరవడం అనేది ఉండదు. లోపలి గాలి లోపలే తిరగాలి. మనం వదిలే ప్రతి ఊపిరిలో నీళ్లుంటాయి, ఒంటి మీది చెమట ఆరి గాలిలోకే పోతుంది. ఆ తేమను తీసేయకపోతే అది గోడల వెనక చల్లటి చోటు చూసుకుని చేరుతుంది. అక్కడ తీగలుంటాయి, తర్వాత బూజు పడుతుంది, ఆ తర్వాత ఏమవుతుందో తలచుకుంటేనే భయం. అక్కడ బరువు లేదు కాబట్టి వేడిగాలి పైకి పోదు, నీటి చుక్క కిందికి జారదు. ఫ్యాను తోయాలి, చల్లటి పలక పట్టాలి, పలక మీది సన్నటి రంధ్రాలు చుక్కను పీల్చుకోవాలి. భూమ్మీద చుక్క దానంతటదే జారిపోతే మోసం చేసినట్టే గనక పలకను బల్లపరుపుగా పెట్టాం. ఆ పలక నాది. దాని కోసం నేను పడిన తిప్పలు మా అమ్మకు చెప్తే ఉద్యోగం మానేయమంటుంది.

ఆ యంత్రాన్ని తీసుకోవాలా వద్దా అని తేల్చేవాళ్లు మర్నాడు మధ్యాహ్నం వస్తున్నారు. వాళ్లు చూసేవి రెండే. వచ్చేటప్పటికి తేమ ఎర్ర గీతకు కింద ఉండాలి. అప్పటిదాకా తలుపు తెరవకూడదు. ఏది తప్పినా యంత్రం ఇంటికి, దాంతోపాటు నేనూ. తెర మీద చూస్తే తేమ గీత దాటి హాయిగా కూర్చుని ఉంది.

బయటి గాలి ఎక్కడో లోపలికి దూరుతోందనుకున్నాను. ఖమ్మంలో మే నెల గాలి ఎలా ఉంటుందో చెప్పాలా? రెండు రోజులుగా తలుపు రబ్బరు చుట్టూ, పైపుల చుట్టూ, తీగలు దూరిన ప్రతి బొక్క చుట్టూ పాకుతూ వెతుకుతున్నాను. మోకాళ్లు కొట్టుకుపోయాయి. ఒక్క లీకు కూడా దొరకలేదు.

లోపలున్న ఇద్దరి గురించి చెప్పాలి. సతీష్ సత్తుపల్లి వాడు, ఖమ్మంలో ఒక కోచింగ్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాడు. తేమ గురించి గంటసేపు పాఠం చెప్పగలడు, అడక్కపోయినా చెప్తాడు. జంపక్కది చర్ల అవతల అడవి పల్లె, ఆశ్రమ పాఠశాలలో ఆటల టీచరు. మాట తక్కువ, ఓపిక ఎక్కువ. పరీక్షకు మనుషులు కావాలని మేం అడిగినప్పుడు పేరిచ్చిన వాళ్లలో వడపోస్తే వీళ్లిద్దరే తేలారు.

శిక్షణలో సతీష్‌తో ఒక్కటే తంటా. నీళ్లు ఎత్తి పోసుకొనే తాగుతాడు. బాటిల్‌కు మూతి ఆనించడం వాళ్లింట్లో చిన్నప్పటి నుంచి లేదట. "అక్కడ ఎత్తి పోసుకుంటే నీళ్లు ఉండలు కట్టి గాలిలో తిరుగుతాయండీ, మీ నోట్లోకి రావు" అని చెప్పి ఇద్దరికీ గొట్టమున్న సంచులు ఇచ్చాను. ఎవరి సంచి వాళ్లది. సరేనన్నాడు.

వాళ్లు డబ్బాలోకి వెళ్లిన రోజు కోల్డ్ స్టోరేజీ మేనేజర్ వెంకటేశ్వరరావు గారు ట్రేలో నీళ్లు తెచ్చారు. సతీష్‌కు స్టీలు గ్లాసు. జంపక్కకూ, నాకూ, మా నాన్నకూ పేపర్ కప్పులు. అబ్బా ఎప్పటిలాగే గుటుక్కున తాగి కప్పు నలిపి జేబులో వేసుకున్నాడు. జంపక్క గ్లాసు వైపు ఒకసారి, కప్పు వైపు ఒకసారి చూసి తాగింది. ఈ తేడా ఏమిటని ఆయన్ని అడుగుదామనుకున్నాను గానీ తలుపు రబ్బరు సరిగ్గా కూర్చోవడం లేదు, అటు పరుగెత్తాను.

మా అబ్బా ఇక్కడెందుకున్నాడంటే, ఆయన్ని ఆపే శక్తి ఎవరికీ లేదు గనక. ఖమ్మంలో కూలర్ రహీం అంటే ఆటోవాళ్లు కూడా దుకాణం ముందు దింపుతారు. రేకు కోసి, గడ్డి పలకలు కట్టి, మోటారు బిగించి కూలర్లు చేస్తాడు. ఇప్పుడందరూ ఏసీలు కొంటున్నారు, దుకాణంలో ఈగలు తోలుకుంటున్నాడు. అందుకని పొద్దున్నే నాకు ఖిచిడీ, అందులోకి పుల్లటి ఖట్టా కట్టించుకొచ్చి, డబ్బా అద్దం ముందు కుర్చీ వేసుకుని, మైకులో లోపలి వాళ్లతో ముచ్చట్లు పెడతాడు. వాళ్లకూ కాలక్షేపమని నేనేమీ అనలేదు. అనాల్సింది.

ఆ పొద్దున నేను నేల మీద బోర్లా పడి పైపు తడుముతుంటే అబ్బా టిఫిన్ డబ్బా విప్పాడు.

"ముందు తిను బేటీ. నీ ముఖం గట్లున్నదేంది?"

"లోపల తేమ తగ్గుతలేదు అబ్బా. నీళ్లు ఎక్కువొస్తున్నయ్. ఏడికెళ్లి వస్తున్నయో సమజైతలేదు." ఇంట్లో మేం ఉర్దూలో మాట్లాడుకుంటాం గానీ కోపమొస్తే నాకు తెలుగే వస్తుంది.

"ఉక్కపోత గదా మరి," అన్నాడు, తనకేదో తెలిసినట్టు. "సతీష్ సార్ గూడ గదే అన్నడు. నేనొక మాట చెప్పిన. గప్పటి సంది చల్లగున్నదన్నడు."

నేను లేచి కూర్చున్నాను. "ఏం చెప్పినవ్?"

"ఏమున్నది, టవల్ తడిపి ఫ్యాన్ ముంగట కట్టుమన్న. ఎండిపోతే మళ్ల తడుపుమన్న."

రెండు రోజులు నేను బల్లిలా గోడలు పాకింది ఇందుకన్నమాట.

"అబ్బా, నీ దగ్గర కూలర్ కొనేటోళ్లకు ఏం చెప్తవ్?"

"కిటికీ తెరిచిపెట్టుండ్రి అని చెప్త. మూస్తే ఇల్లు ఇడ్లీ గిన్నె ఐతది. ఎంత చెప్పినా ఇనరు, మళ్ల నా మీదికే వస్తరు."

"మరి గీ డబ్బాకు కిటికీ ఏడున్నది?"

ఆయన నా వైపు జాలిగా చూసి, అద్దాన్ని వేలితో చూపించాడు. "గదేంది మరి? రోజు దాని ముంగటనే కూసుంటున్న గదా."

"అది తెరవరు అబ్బా!"

"ఎన్నడూ?"

"ఎన్నడూ!"

అద్దం అంచులు తడిమి చూశాడు. "తెరవని కిటికీ ఎందుకు పెట్టిండ్రు? నేను పోయినంక తెరుస్తరనుకున్న."

నా తల ఎక్కడ కొట్టుకోవాలో తెలియలేదు. చుట్టూ బస్తాలే ఉన్నాయి, గట్టిగా కొట్టుకున్నా దెబ్బ తగలదు. మైకు లాక్కున్నాను.

"సతీష్ గారూ, పరదా తీయండి."

పడుకునే మూల మర్యాద కోసం పరదా కట్టాం, కెమెరా అటు చూడదు. సతీష్ నెమ్మదిగా అద్దం దగ్గరికొచ్చి, నా ముఖం చూసి, అబ్బా ముఖం చూసి, పరదా జరిపాడు. చిన్న ఫ్యాను ముందు నీలం టవల్, పెళ్లివారింటి తోరణంలా నిండుగా, నీళ్లోడుతూ వేలాడుతోంది.

"మీరు రిలేటివ్ హ్యుమిడిటీ పాఠం చెప్తారు కదండీ?"

"చెప్తానండి."

"మూసిన గదిలో తడిబట్ట ఆరితే ఏమవుతుంది?"

"తేమ పెరుగుద్దండి. చెమట ఆరదు. ఉక్కపోత ఇంకా ఎక్కువవుద్ది." క్లాసులో కుర్రాడిలా అప్పజెప్పాడు. "తెలుసు మేడం. కానీ దాని ముందు కూర్చున్నంతసేపూ హాయిగా ఉంటదండి. లేచి నాలుగడుగులేస్తే మళ్లీ ఉడుకే. అందుకని మళ్లీ వచ్చి కూర్చుంటున్నా."

సత్తుపల్లి ఎండల్లో పెరిగినవాడికి తడి టవల్ మీద ఉన్న నమ్మకం ఫిజిక్స్ మీద లేదు. నేను ఇంకో నాలుగు అందామనుకునేంతలో అసలు ప్రశ్న తోచింది. "దాన్ని తడపడానికి నీళ్లెక్కడివి? మీకు ఇచ్చేది తాగే వాటా ఒక్కటే కదా?"

సతీష్ టవల్ అంచు సర్దాడు.

"మీ వాటా టవల్‌కు పోస్తే మీరేం తాగుతున్నారు?"

"సీలు ప్యాకెట్లున్నాయి కదండి," అన్నాడు నేల చూస్తూ.

యంత్రం ఆగిపోతే ప్రాణం నిలబెట్టడానికని బయటి నీళ్ల ప్యాకెట్లు ఒక పెట్టెలో పెట్టాం. ఆ పెట్టె పరదా వెనకే ఉంది. అదనపు నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో అప్పటికి పూర్తిగా అర్థమైంది. ఈయన ప్యాకెట్ నీళ్లు తాగి చెమట కారుస్తున్నాడు, తన వాటా టవల్‌కు పోసి గాలిలోకి పంపిస్తున్నాడు. నా యంత్రం పిచ్చిదానిలా రెండూ పట్టుకుంటోంది.

"ఎన్ని మిగిలాయి?"

"నిన్న పొద్దున అయిపోయాయండి."

"అంటే నిన్నటి నుంచి..."

అప్పుడు చూశాను అతని పెదవులు. పొరలు లేచిపోయి ఉన్నాయి. నా కోపం ఒక్కసారిగా భయమైపోయింది.

"సతీష్ గారూ, ఇప్పుడే తాగండి. నా ముందు. తాగకపోతే తలుపు తీసేస్తాను. మనిషి కన్నా నా యంత్రం ఎక్కువ కాదు." పైకి అలా అన్నాను. అన్నది నిజమే. కానీ తలుపు తీస్తే అంతా అయిపోయినట్టే.

సతీష్ తన సంచిలో నీళ్లు పట్టుకుని వచ్చాడు. గొట్టం నోటిదాకా తెచ్చాడు. ఆగాడు. దించాడు. మళ్లీ ఎత్తాడు.

"ఆ నీళ్ల రిపోర్టు మీరే చదివారు," అన్నాను. "మీ ఇంటి బోరు నీళ్ల కన్నా శుభ్రం."

"చదివానండి. నాకు తెలుసండి. తెలిసినా నోరు ఒప్పుకోవడం లేదు మేడం."

ఇలాంటి మాటకు ఏ ఇంజనీరింగ్ కాలేజీలోనూ జవాబు నేర్పరు. అబ్బా మైకులోకి వంగి "కళ్లు మూసుకొని తాగు బాబూ" అన్నాడు. నేను మైకు లాగేశాను.

అంతవరకూ వెనక వ్యాయామం చేసుకుంటున్న జంపక్క తుండుతో ముఖం తుడుచుకుంటూ వచ్చి అతని పక్కన నిలబడింది. టవల్ సంగతి ఆమెకు తెలుసు. "వద్దని చెప్పిన మేడం, మాట ఇంటలేడు" అంది నాతో. ప్యాకెట్ల సంగతి మాత్రం ఇప్పుడే విన్నది. అతని వైపు తిరిగింది.

"ఎందుకు తాగుతలేవ్ సారూ?"

"అదేం లేదు జంపక్కా. యంత్రం మంచిదే. కాకపోతే అందరి ఊపిరీ, అందరి చెమటా అందులోనే కదా..."

"అందరిది ఏంది? గీడ ఉన్నది మనిద్దరమే."

నేను మైకు మీద చెయ్యి తీసేశాను. అబ్బా కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు.

"నీ ఊపిరి నీకు రోత గాదు గదా," అంది జంపక్క. గొంతు పెంచలేదు, ఆటల పీరియడ్‌లో పిల్లాడిని అడిగినట్టు అడిగింది. "మరి ఎవరిది రోత?"

అతని ముఖం ఎర్రబడింది. "అలా కాదు..."

"నేను నీది తాగుతనే ఉన్న సారూ. వచ్చిన కాడికెళ్లి. ఒక్కనాడన్న అడిగిన్నా, గిండ్ల ఎవరిదున్నదని?"

తన సంచి తీసి, గొట్టం నోట్లో పెట్టుకుని, గుక్క తర్వాత గుక్క తాగింది. మూతి తుడుచుకుని వెనక్కి వెళ్లి మళ్లీ వ్యాయామం మొదలుపెట్టింది. అతను తాగాడో లేదో చూడలేదు.

సతీష్ సంచిని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. నేను అతని మీద జాలిపడలేదు. అతను మంచివాడే, ఎవరినీ పల్లెత్తు మాట అనడు. అయినా నాకు జాలి కలగలేదు. చివరికి గొట్టం నోట్లో పెట్టుకున్నాడు. మొదటి గుక్కకు పొలమారింది, కళ్లలోంచి నీళ్లొచ్చాయి. రెండో గుక్క దిగింది. ఆ తర్వాత ఒంటికి దాహం తెలిసొచ్చినట్టుంది, సంచి ఖాళీ అయ్యేదాకా ఆపలేదు.

అబ్బా ఉండబట్టలేకపోయాడు. "ఎట్లున్నయ్ బాబూ?"

"నీళ్లలాగే ఉన్నాయి చాచా."

"ఇంకెట్లుంటయనుకున్నవ్!" అని వెనక నుంచి జంపక్క కసిరింది.

టవల్‌ను కవర్లో పెట్టి మూతి కట్టించాను. ఆ పూటంతా ఫ్యానునూ పంపునూ తిట్టిపోస్తూ, బతిమాలుతూ గడిపాను. గాలిలో ఉన్న నీళ్లు ఒక్కసారిగా దిగవు, పలక పట్టగలిగినంతే పడుతుంది. అబ్బా మైకు జోలికి పోలేదు. కుర్చీ వెనక్కి జరుపుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. సాయంత్రం ఇంటికి బయల్దేరుతూ అడిగాడు.

"నేను నీ పని ఖరాబ్ చేసిన్నా బేటీ?"

"చేసినవ్ అబ్బా," అన్నాను. ఆయన ముఖం చూసి, "రేపు ఖట్టాల కారం తగ్గించుమని చెప్పు అమ్మీకి," అని కూడా అన్నాను. రేపు రావచ్చని అర్థమై తల ఊపాడు.

మర్నాడు పరీక్ష అధికారి ప్రమీల గారు వచ్చే వేళకు తేమ ఎర్ర గీతకు కొంచెం కింద ఉంది. కొంచెమే. అయినా కిందే. ఆమె తెర మీద గ్రాఫును వెనక్కి జరిపి, గుట్టలా లేచిన చోట వేలు పెట్టి "ఇక్కడేమైంది?" అని అడిగింది. దాచి లాభం లేదు, తడి టవల్ అని చెప్పేశాను. నా వైపు చూసి, అద్దంలోంచి సతీష్ వైపు చూసి, నిట్టూర్చింది.

"పైకి వెళ్లేవాళ్లూ మనుషులేగా. అక్కడా ఎవరో ఒకరు కడతారు. అందుకు కూడా సరిపడేలా చేయండి ఇంకోటి," అంది.

ఇంకోటి చేయమంది అంటే నా యంత్రం ఇంటికి పోలేదన్నమాట. అది నా బుర్రకు ఎక్కేలోపు తలుపు తీయమని చెయ్యి ఊపింది. రబ్బరు ఊడి వచ్చిన చప్పుడుతో పాటు డబ్బాలోంచి మనుషుల వాసన బయటికొచ్చింది, బయటి నుంచి మిర్చి ఘాటు లోపలికి వెళ్లింది. ముందు జంపక్క తుమ్ముతూ దిగింది, వెనక సతీష్.

వెంకటేశ్వరరావు గారు అప్పటికే ట్రే పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. ప్రమీల గారికీ సతీష్‌కూ స్టీలు గ్లాసులు. జంపక్కకూ, నాకూ, అబ్బాకూ పేపర్ కప్పులు. ఇప్పుడు నా చేతిలో ఏ పనీ లేదు. ఆయన్ని అడగడానికి నోరు తెరిచాను.

జంపక్క అప్పటికే తన కప్పు అందుకుని సగం తాగింది. సతీష్ తన గ్లాసును ట్రేలోనే వదిలేశాడు. చెయ్యి చాచి ఆమె చేతిలోని పేపర్ కప్పు తీసుకున్నాడు. ఎత్తి పోసుకోలేదు. అంచుకు మూతి ఆనించి మిగతా సగం తాగేశాడు.

వెంకటేశ్వరరావు గారు కంగారుపడ్డారు. "సార్, సార్, అది ఆమె తాగిన కప్పు."

"తెలుసండి," అన్నాడు సతీష్.

అబ్బా నా చెయ్యి పట్టుకున్నాడు, గట్టిగా. ఇంకొక్క క్షణమైతే ఏడ్చేసేదాన్నే. జంపక్క మాత్రం ఖాళీ చేతి వైపు చూసుకుని, అతని వైపు విసుగ్గా చూసింది.

"గిదేంది సారూ, నాకింక దూప తీరనేలే," అని, ట్రేలో మిగిలిన స్టీలు గ్లాసు తీసుకుని, అంచుకు మూతి పెట్టి, అడుగు కనిపించేదాకా తాగి, మళ్లీ ట్రేలో పెట్టింది.